అక్క జాకెట్: పదహారు వేల కుట్లకి ముందు ఒక శాంపిల్ ముక్క

మా అక్క ఫిల్మ్‌నగర్‌లో వీడియో ఎడిటర్. రాత్రంతా ఏసీ గదిలో పని, మే నెలలో కూడా చలే. తెల్లారి బయటికొస్తే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటేలోపే ఉక్కపోత. ఉన్ని తనకి పడదు, దద్దుర్లు వస్తాయి. అందుకే కాటన్ నూలుతో జాకెట్ అల్లుతున్నాను. డిజైన్ నాదే. ఇందులో మన సబ్జెక్టు ఎంత ఉందో చెప్తాను.

అల్లిక అనగానే మనకి గుర్తొచ్చేది నరసాపురం లేసు. అదీ నూలు దారమే, కానీ ఒకే కొక్కెం సూదితో అల్లుతారు. నాది రెండు సూదుల అల్లిక. దీనికి మూలం రెండే కుట్లు: లూపు మనవైపుకి వస్తే నిట్, అవతలికి పోతే పర్ల్. మన భాషలో 1, 0 అనుకోండి.

ఒకవైపు అన్నీ నిట్‌లే ఉంటే గుడ్డ అంచులు చుట్టుకుపోతాయి. అదే ఒక నిట్, ఒక పర్ల్ వేస్తూ, పై వరసలో వాటిని తారుమారు చేస్తే చదరంగం బల్లలా గింజలు తేలతాయి. దీని పేరు సీడ్ స్టిచ్. రెండు వైపులా లాగుడు సమానం కాబట్టి గుడ్డ చదునుగా ఉంటుంది. ఈ గింజలు కనపడేది వాటి నీడ వల్లే. ముదురు రంగులో నీడ కలిసిపోతుంది కదా, అందుకే లేత గోధుమ రంగు తీసుకున్నాను.

అసలు చిక్కు కాటన్‌తోనే. ఉన్ని పోగులో సహజంగా వంకీలు ఉంటాయి, సాగదీస్తే స్ప్రింగులా వెనక్కొస్తుంది. కాటన్‌కి ఆ గుణం తక్కువ. పైగా బరువెక్కువ. తొడుక్కున్న కొద్దీ కిందికి జారుతుంది. కొలతకి సరిగ్గా అల్లితే నెల తిరిగేసరికి జాకెట్ కాస్తా నైటీ అవుతుంది!

అందుకే ముందు 15 సెం.మీ. చదరపు ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, తాళాల గుత్తి తగిలించి ఒక రాత్రి వేలాడదీశాను. పొడవు 5 శాతం పెరిగింది. జాకెట్ 60 సెం.మీ. ఉండాలంటే 57 అల్లితే చాలు. 10 సెం.మీ.కి 30 వరసలు వస్తున్నాయి కాబట్టి 171 వరసలు. వెడల్పు 52 సెం.మీ., 10 సెం.మీ.కి 18 కుట్ల చొప్పున 93.6. నేను 95 తీసుకున్నాను. రెండు కుట్లు పక్క అతుకుల్లోకి పోతాయి, పైగా బేసి సంఖ్య అయితే ప్రతి వరసనీ నిట్‌తోనే మొదలెట్టొచ్చు. చంకల దగ్గర తగ్గించేవి వదిలేస్తే, వీపు భాగమే 16,245 కుట్లు.

ఆ ముక్క బరువు 14 గ్రాములు. జాకెట్ మొత్తం సుమారు 9,200 చదరపు సెం.మీ., అంటే దాదాపు 570 గ్రాములు. 50 గ్రాముల ఉండలు 12, ఒకే రంగు లాట్‌వి ఒకేసారి కొన్నాను. లాట్ మారితే రంగులో తేడా కొడుతుంది.

గొట్టంలా ఒకే ముక్కగా అల్లితే కుట్టుపని తప్పుతుంది. కానీ నేను విడివిడి భాగాలే అల్లుతున్నాను. భుజాల దగ్గర, పక్కల్లో గట్టి అతుకు ఉంటే బరువుని అది మోస్తుంది. బిల్డింగ్‌కి పిల్లర్లు లాగన్నమాట.

మీరూ మొదలెడితే ఒక్క మాట: శాంపిల్ ముక్కని అల్లగానే కొలవకండి. ఉతకండి, వేలాడదీయండి, అప్పుడు టేపు పట్టండి. వేసుకునే మనిషి దాన్ని ఉతుకుతుంది, బరువుతో తిరుగుతుంది. లెక్క ఆ జాకెట్‌కే వెయ్యాలి.