పరుగెత్తే మాట

ఆంగ్లంలో 'రన్' అనేది మూడక్షరాల చిన్న మాట. దాని అర్థం 'పరుగెత్తు' అని చిన్న తరగతులలోనే నేర్చుకుంటారు. ఆ ఒక్క అర్థాన్ని నమ్ముకొని ఆంగ్ల పత్రికను అనువదించబూనిన విద్యార్థికి అడుగడుగునా చిక్కులే. అమెరికాలో ఒక నాయకుడు అధ్యక్ష పదవికి 'రన్' చేస్తాడు. జలుబు చేసిన పిల్లవాని ముక్కు 'రన్' అవుతుంది. ఒకామె హోటలును 'రన్' చేస్తుంది. నిజానికి వీరిలో పరుగెత్తేవారు ఎవరూ లేరు.

ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు 1989లో 20 సంపుటాలుగా రెండవసారి వెలువడినప్పుడు, అందులో అన్నిటికంటె దీర్ఘమైన వివరణ 'సెట్' అనే మాటది. తరువాతి సవరణలో ఆ స్థానం 'రన్'కు దక్కింది. పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడు ఈ ఒక్క క్రియ మీద సుమారు తొమ్మిది నెలలు శ్రమించగా 645 అర్థచ్ఛాయలు తేలాయి.

ఇన్ని అర్థాలు ఒక్కనాడు పుట్టినవి కావు. ప్రాచీన ఆంగ్లంలోనే ఈ మాట మనిషి పరుగును, నీటి ప్రవాహాన్ని కూడా తెలిపేది. ముక్కు 'రన్' కావడంలోని కిటుకు అదే. యంత్రాలు వచ్చిన తరువాత అవి పనిచేయడం కూడా 'రన్' అయింది.

విచిత్రమేమంటే, ఆంగ్లంలో పరుగెత్తేవి తెలుగులో చాలావరకు నడుస్తాయి. బస్సు ఎంత వేగంగా పోయినా 'నడుస్తోంది' అనే అంటారు. దుకాణం నడుస్తుంది, ప్రభుత్వం నడుస్తుంది. సినిమా మాత్రం వంద రోజులు 'ఆడుతుంది'. నది పారుతుంది, ముక్కు కారుతుంది. ఎన్నికలలో అభ్యర్థి పరుగెత్తడు, నిలబడతాడు. ఇంగ్లండులోనూ నిలబడడమే వాడుక.

పక్కన మరొక చిన్న మాట చేరితే అర్థం మళ్ళీ మారిపోతుంది. క్రికెట్ మైదానంలో 'రన్ అవుట్' అంటే ఆటగాడు వెనుదిరగడం. అదే మాట వంటింట్లో వినబడితే బియ్యం అయిపోయాయని అర్థం. తెలుగు ఇల్లాలు 'అయిపోయాయి' అనడానికి మనసొప్పక 'నిండుకున్నాయి' అంటుంది. ఆ మాటను అక్షరాలా ఆంగ్లంలోకి మారిస్తే ఖాళీ డబ్బా కాస్తా నిండు డబ్బా అవుతుంది! కనుక ఈ చిక్కు ఆంగ్లం నేర్చుకొనేవారికి మాత్రమే పరిమితం కాదు. దొంగను పట్టారు, ఇనుముకు తుప్పు పట్టింది, ప్రయాణానికి గంట పట్టింది, గొడుగు పట్టాడు అనే వాక్యాలను ఆంగ్లంలో చెప్పాలంటే ఒక్క క్రియ చాలదు. పట్టుచీరలోని 'పట్టు' వేరే మాట. అది ఈ లెక్కలోకి రాదు.

క్రికెట్ 'రన్'ను తెలుగు పత్రికలు 'పరుగు'గా స్వీకరించాయి. కంప్యూటర్ ప్రోగ్రామును మాత్రం తెలుగువారు ఎక్కువగా నడపడమూ లేదు, పరుగెత్తించడమూ లేదు, 'రన్ చేస్తున్నారు'.