స్వల్పవ్యయమున యానాము యాత్ర

ఫ్రాన్సు దేశపు దక్షిణతీరమున నీస్ అను పట్టణము కలదు. ఇంగ్లండులోని కలవారు చలికి తాళలేక పూర్వము శీతకాలమంతయు అచ్చట గడపెడివారు. అందుచేతనే అక్కడి సముద్రపుటొడ్డు బాటకు నేటికిని ఆంగ్లేయుల విహారవీథి యను పేరు నిలిచియున్నది. ఆ విహారము మనవంటి సామాన్య గృహస్థులకు అందునది కాదు. విమానపు టిక్కెట్టు, పాస్‌పోర్టు, వీసా, హోటలు బాడుగ, ఇవన్నియు నలుగురికి లెక్కించునప్పటికి కూడబెట్టినదెల్ల కరగిపోవును. అయినను సోదరీమణులు నిరాశ చెందనక్కరలేదు. ఫ్రెంచివారి జెండా ఎగిరిన పట్టణమొకటి మన తెలుగునాటనే, మా ఎస్. రాయవరమునుండి ఒక పూట ప్రయాణములో నున్నది. అదియే యానాము.

ఫ్రెంచివారు 1723లో వర్తకమునకై అచ్చట కాలు మోపిరి. నడుమ పలుమారులు ఇంగ్లీషువారు ఆ ఊరిని పట్టుకొన్నను, తుదకది ఫ్రెంచివారికే దక్కెను. 1954 నవంబరు 1న దాని పాలన భారతదేశమునకు వచ్చెను. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా మనదయ్యెను. నేడది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిది. చుట్టునున్నది ఆంధ్రదేశమే, ఇండ్లలో వినబడునది తెలుగే. యానాము సరిగా సముద్రపుటొడ్డున లేదు. గౌతమీ గోదావరి గట్టున, కోరంగి పాయ చీలుచోట నున్నది. అచ్చటినుండి కొంతదూరము పోయి నది సాగరమున కలియును.

ఇక కాలనిర్ణయము. కార్తికము పుణ్యమాసమే యైనను ఈ యాత్రకు తగినది కాదు. ఆ నెలలో అన్నవరము దారి రైళ్లు భక్తులతో క్రిక్కిరిసియుండును. అదిగాక తుపానుల భయము కలదు; 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కాకినాడ, యానాము, కోనసీమ ప్రాంతములను ఎంత అల్లకల్లోలము చేసినదో ఆ తీరమువారు మరువలేదు. సంక్రాంతి సెలవులలో గోదావరి జిల్లాలకు జనము వెల్లువవలె వచ్చును. గదుల బాడుగలు పెరుగును. కావున మార్గశిరము నడుమ బడికి వరుసగా రెండు దినములు సెలవు దొరికినప్పుడు బయలుదేరుట మేలు. ఎండ మృదువుగా నుండును, జనము పలుచగా నుందురు. పుష్యబహుళ అమావాస్యనాడు చొల్లంగిలో సముద్రస్నానము చేయగోరువారు మాత్రము ఆనాటి రద్దీకి సిద్ధపడి పోవలెను.

మార్గము చెప్పెదను. ఎలమంచిలిలో తెల్లవారుజామున రైలెక్కి సామర్లకోటలో దిగవలెను. అచ్చటి కుమారారామ భీమేశ్వరుని దర్శించి కాకినాడకు పోవలెను. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు సొమ్ము లేదు. ఆధార్ కార్డు మాత్రము మరువరాదు. యానాము వేఱు ప్రభుత్వపు గడ్డ గనుక, ఆ వసతి ఎందాక చెల్లునో ఎక్కకమునుపే కండక్టరు నడుగవలెను.

కాకినాడనుండి యానాము పోవు త్రోవలోనే కోరంగి మడ అడవులు కలవు. 1978లో వానిని అభయారణ్యముగా ప్రకటించిరి. చెక్కబాటమీద నడచుచు, ఉప్పునీటిలో వేళ్లూని నిలిచిన చెట్లను పిల్లలకు చూపవచ్చును. పోటుకును తీరమునకును నడుమ ఈ చెట్లే గోడవలె నిలిచి అలల తాకిడిని తగ్గించునని చెప్పవలెను. పాఠ్యపుస్తకములో పదిమారులు చదివినను పట్టుబడని సంగతి అచ్చట ఒక గడియలో బోధపడును. పడవ షికారు నీటి పోటుపాటులనుబట్టి యుండును గాన దానికై పట్టుపట్టరాదు.

ఆ రాత్రి యానాములోగాని, తిరిగి వచ్చి కాకినాడలోగాని బస చేయవచ్చును. మరునాడు ఉదయము నదీతీరమున నడచి, 1846లో కట్టిన సెయింట్ ఆన్ దేవాలయమును చూచి, మధ్యాహ్నమునకు ద్రాక్షారామము చేరవచ్చును. శ్రీనాథుడు భీమేశ్వరపురాణమున కీర్తించిన క్షేత్రమది. ఒకే యాత్రలో రెండు పంచారామములు దర్శించిన ఫలము కూడ దక్కును. అచ్చటినుండి కాకినాడ మీదుగా రాత్రికి ఇల్లు చేరవచ్చును.

వ్యయము మాట. తలపెట్టిన సొమ్మును ముందుగానే పది పాళ్లు చేయవలెను. మూడు పాళ్లు ప్రయాణమునకు, మూడు బసకు, రెండు భోజనమునకు, ఒకటి ప్రవేశరుసుములకును దేవుని హుండీకిని. పదవ పాలు వేఱు సంచిలో ముడివేసి, జ్వరమో జాప్యమో కలిగిననే గాని విప్పరాదు. మొదటి దినమునకు పులిహోర, రెండు దినములకు చాలు చెక్కలు, సున్నుండలు, మంచినీళ్లు, ఒక దుప్పటి, చాప ఇంటినుండియే తీసికొనిపోవలెను. కాకినాడ కాజాలు తిరుగుప్రయాణమున కొనవలెను. ముందే కొన్నచో ఇల్లు చేరువఱకు మిగులవు. ఆ ఊరిలో మద్యము చౌకయని పేరు. చౌకయని కొన్నది సంసారమునకు చౌక కాదు. ఎల్ల దాటించి తెచ్చుట శిక్షార్హము కూడ. మగవారికి ఈ మాట బయలుదేరకముందే చెప్పియుంచుట మంచిది.

ఆడపిల్లలున్న తల్లులకు ఈ యాత్రలో చూపవలసినది మరియొకటి కలదు. దానికి కట్టడము లేదు, రుసుము లేదు. ఆడపిల్లకు పదునాలుగు, మగవానికి పదునెనిమిది యేండ్లు నిండనిదే పెండ్లి కూడదని శారదా చట్టము 1929లో పుట్టి, 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. అది ఇంగ్లీషువారి సీమలో చెల్లునేకాని ఫ్రెంచి గడ్డమీద చెల్లదు. కావున చుట్టుపట్ల జిల్లాల తల్లిదండ్రులు పసిపిల్లలను యానామునకు తరలించి అచ్చట తాళి కట్టించిరి. అందుచేత ఆ ఊరికి కల్యాణపురమను పేరు కూడ వచ్చినది. ఎంత మంగళకరమైన పేరు! దాని వెనుక, ఎక్కడికి పోవుచున్నదో తెలియక బండిలో నిదురించిన బాలికలెందరో.

మా ఎస్. రాయవరము 1862లో గురజాడ అప్పారావుగారు జన్మించిన గ్రామము. ఆడపిల్లల నమ్ముకొను దురాచారముపై వారు రచించిన కన్యాశుల్కము 1892లో తొలుత ప్రదర్శింపబడినది. అది జరిగిన నలువది యేండ్లకు కూడ, చట్టమునుండి తప్పించుకొనుటకై బాలికలను ఎల్ల దాటించుచునే యుండిరి. నేడు ఎల్లకు ఇరుప్రక్కల నున్నది ఒకే చట్టము. ఆడపిల్లకు పదునెనిమిది యేండ్లు నిండవలెను. అయినను రహస్యముగా తొందరపడువారు లేకపోలేదు. ఇరుగుపొరుగున అట్టిది వినబడినచో 1098 అను సంఖ్యకు ఫోను చేసి తెలుపవచ్చును. దానికి ఖర్చు లేదు.

కావున తల్లులకు నా మనవి యిది. ఈ యాత్రలో సంచి తండ్రి మోయవచ్చును, లెక్కపుస్తకము మాత్రము కూతురిచేతి కీయుడు. ఏ రైలెక్కవలెనో, ఏ దారిన పోవలెనో, పది పాళ్లలో దేనికెంత మిగిలినదో ఆమెయే వ్రాయవలెను, ఆమెయే చెప్పవలెను. ఒకనాడు ఏమియు నడుగక ఆడపిల్లలను కొనిపోయిన ఊరికి, నేడు మన పిల్ల దారి చూపుచు మనలను కొనిపోవలెను.