పోర్ట్ లూయీలో కడపటి పగలు

పరదేశంలో సెలవు గడుపబోయినవానికి అన్ని దినాలూ ఒక ఎత్తు, విమానమెక్కే దినమొక్కటీ ఒక ఎత్తు. ఉదయం 11 గంటలకు హోటలు గది ఖాళీ చేయవలె; విమానం రాత్రికి గాని లేదు. పెట్టెలు హోటలువారి మెట్ల క్రింది గదిలో, మనిషి వీధిలో. ఎవరైనా "ఎక్కడ దిగినారు?" అని అడిగితే చెప్పుకోవడానికి ఒక చిరునామా కూడా వుండదు. అట్టి దినం గడచిన జూలైలో, ఒక శనివారంనాడు, మరీషసు రాజధాని అయిన పోర్ట్ లూయీ నగరంలో మా దంపతులకు సంభవించింది.

నేను ముప్పై సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో భూగోళం బోధించినవాణ్ణి. హిందూ మహాసముద్రపు పటం గోడకు తగిలించి, మడగాస్కరుకు తూర్పుగా, మకరరేఖకు కాస్త ఎగువగా, బెత్తం కొనతో ఒక చుక్కను తాకి, "ఇది మరీషసు, ఇక్కడ చెరకు పండుతుంది" అని చెప్పి ముందుకు సాగిపోయేవాణ్ణి. పరీక్షలో అంతకుమించి అడిగేవారు కారు. ఆ చుక్క వైశాల్యం 1,865 చదరపు కిలోమీటర్లనీ, అక్కడి బడులలో తెలుగు చెబుతారనీ, ఉగాదినాడు దేశమంతటికీ సెలవనీ నేను పిల్లలకు చెప్పలేదు. నాకే తెలియదు.

డర్బనులో వున్న మా చెల్లెలి ఇంటికి పోతూ దారిలో ఈ దీవిలో ఒక వారం విశ్రమించవలెనని మా సంకల్పం. బయలుదేరడానికి రెండు దినాల ముందు, తాళ్ళరేవులో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల వున్న మామ్మగారు నన్ను పిలిపించినారు. తొంభై యేళ్ళు దాటిన మనిషి. ఆమె నాయనమ్మకు తండ్రి మద్రాసు పోయి, అక్కడ మోరీసు దీవికి ఓడ ఎక్కినాడట. అప్పటికి ఆ నాయనమ్మ ఇంకా తల్లిగర్భంలోనే వున్నదట. ఐదేళ్ళకు తిరిగివస్తానన్నవాడు రాలేదు, ఉత్తరమూ రాలేదు. మామ్మగారు ఒక కాగితం ముక్క నా చేతిలో పెట్టించినారు. మనుమరాలి దస్తూరీలో ఒక పేరు, తండ్రి పేరు, ఊరు.

"దొరికితే చూడు బాబూ, దొరక్కపోతే పోనీ. అక్కడ నేల ఎలాగుంటుందో చూసొచ్చి చెప్పు. వానలు పడతాయా? అన్నం తింటారా?"

ఆ నాయనమ్మ బ్రతికినన్నాళ్ళూ రేవులో కనబడిన ప్రతి ఓడ కళాసీనీ ఈ మాటలే అడిగేదట. మా తాళ్ళరేవు ప్రక్కనే కొరంగి. ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1839 తుపానులో దెబ్బతిని, పిమ్మట పూడికకు లొంగి, నేడు మడ అడవుల నడుమ ఒక పల్లెగా మిగిలింది. అయినా దాని పేరు సముద్రాలు దాటిపోయింది. బర్మాలోనూ, మరీషసులోనూ తెలుగువారిని కొరంగీలనేవారు.

కాగితం పర్సులో దాచుకున్నాను. మొదటి దినం ప్రయాణపు బడలికతో పోయింది. రెండవనాడు సముద్రతీరం. మూడవనాడు మళ్ళీ సముద్రతీరమే. అక్కడి నీటి రంగు చూచినవారు నన్ను మన్నిస్తారు. "ఆ పెద్దావిడ పని ముందు చూడండి, సముద్రం ఎక్కడికీ పోదు" అని మా ఇంటావిడ రెండవనాడే హెచ్చరించింది. నాల్గవనాడు కొండల మీది గంగా తలావ్ సరస్సు. ఇట్లా పోయి పోయి, కాగితం సంగతి శుక్రవారం రాత్రి పెట్టె సర్దేవేళ మళ్ళీ పైకి వచ్చింది.

కూలీలుగా వచ్చినవారి రిజిస్టర్లు మోకా అనే ఊరిలో, 1970లో స్థాపించిన మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా వున్నవి. ఒక్కొక్కరికి ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, ఒంటిమీది మచ్చ, స్వగ్రామం, ఎక్కివచ్చిన ఓడ. 1860ల పిమ్మట ఫొటోలు కూడా తీసినారు. కాని మన పేర్లను గుమాస్తాలు తమ చెవికి ఎట్లా వినబడితే అట్లా వ్రాసుకున్నారు గనుక, ఒక పూటలో తేలే పని కాదు. పైగా శనివారం కార్యాలయాలకు సెలవు. ఈ తప్పు వేరెవరిదీ కాదు, నాదే. డర్బను చేరిన తరువాత అర్జీ వ్రాసి పంపినాను. జవాబు ఇంకా రావలసి వుంది.

ఇక ఆ పగలు. పెట్టెలు అప్పగించి ముందుగా పెద్ద బజారుకు పోయినాము. ఒక కార్డు, దానికి స్టాంపు కొన్నాను. అక్కడి నోటు మీద ఇంగ్లీషుతోపాటు తమిళం, హిందీ అక్షరాలుంటవి, తెలుగు లేదు. వెతికినాను, మనసూరుకోక. కూరగాయల వరుసలో మునగాకు కట్టలు చూచి మా ఇంటావిడ ఆగిపోయింది. అమ్మే ఆమె దానిని "బ్రేడ్ మురుం" అన్నది. బ్రేడ్ అంటే ఆకుకూర. ప్రక్క దుకాణంలో మన మసాలా వడలకు చెల్లెళ్ళవంటివి, మిరపకాయ ముక్కలతో, నూనెలో వేగుతున్నవి. వాటి పేరు మాత్రం ఫ్రెంచిలో వుంది, "గాతో పిమాఁ" అని. బజారుమీది పూటకూళ్ళలో అన్నం, పప్పు, ఆ మునగాకు కూర, ఊరగాయ పెట్టినారు. ఆ ఊరగాయ పేరు కూడా ఆచారే. పది పదిహేను మంది బల్లల వద్ద కూర్చుండి తింటున్నారు. వారి నోట క్రియోలు భాష. ముఖాలు చూస్తే మాత్రం కాకినాడ బస్సుస్టాండులో వున్నట్లే వుంది.

బజారు నుంచి నడిచిపోయే దూరంలోనే ఆప్రవాసీ ఘాట్. మధ్యాహ్నం మూసివేస్తారని విని, తినే పనికంటె ముందే అక్కడికి పోయి వచ్చినాము. వరుస తప్పి చెబుతున్నందుకు క్షమించాలి; ఆకలి సంగతి ముందు చెప్పి ఆ మెట్ల సంగతి తీరికగా చెప్పవలెనని వుండింది.

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తానుంచి 36 మందిని ఈ రేవులో దింపింది. మరుసటి సంవత్సరం ఇక్కడ బానిసత్వం రద్దయింది. చెరకు తోటల యజమానులకు చేతులు కావలసి వచ్చినవి. అప్పటినుంచి 1920లవరకు, సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఒప్పందం మీద ఈ దీవికి వచ్చినారు. వారిని దింపడానికి 1849లో కట్టనారంభించిన డిపోయే ఇది. పూర్వం దీనిని కూలీ ఘాట్ అనేవారు; 1987లో నేటి పేరు పెట్టినారు; 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. కట్టడంలో అధికభాగం కాలగర్భంలో కలసిపోయింది. మిగిలినవి కొన్ని గదుల రాతిగోడలు, వంటశాల జాడలు, మరి రేవునుంచి పైకి వచ్చే మెట్లు.

మెట్లు 16. నేను రెండుమార్లు లెక్కించినాను. నల్లని రాతి మెట్లు, మన చెరువు గట్టు మెట్లకు మించి గొప్పవి కావు. ఓడ దిగినవారిని ఇక్కడ రెండు దినాలు వుంచి, నంబరు ఇచ్చి, తోటలకు పంపేవారు. నెలకు 5 రూపాయల జీతం; బియ్యం, పప్పు, ఉప్పు వేరు. తొలి ఒప్పందాలలో తిరుగు ప్రయాణపు ఖర్చు యజమానిదే. 1850ల తొలిభాగంలో ఆ హక్కు తీసివేసినారు. అప్పటినుంచి ఇంటికి పోదలచినవాడు తన డబ్బుతోనే పోవలె. మామ్మగారి ముత్తాతకు "ఐదేళ్ళకు వస్తాను" అన్నప్పుడు ఈ సంగతి తెలుసునో తెలియదో!

నా చొక్కా జేబులో డర్బను టిక్కెట్టు, దాని వెనుక ఇంటికి తిరుగు టిక్కెట్టు వున్నవి. అక్కడ నిలుచున్నంతసేపూ అవి గుండెకు గుచ్చుకుంటున్నట్లే వుండినవి. ఆ ముత్తాత ఈ మెట్లమీద అడుగుపెట్టినది తన మొదటి దినాన. నేను కడపటి దినాన, అదీ తోచక, వచ్చినాను. మా ఇంటావిడ ఏమీ అనలేదు. చెప్పులు విడిచి ఒక ప్రక్కగా నిలుచున్నది.

సాయంకాలం టాక్సీలో బయలుదేరినాము. ఊరు దీవికి వాయవ్యాన, విమానాశ్రయం ఆగ్నేయాన. నడుమ సుమారు 45 కిలోమీటర్ల దారి. డ్రైవరు నడివయస్సువాడు, పూర్వులు బీహారువారట. మాతో హిందీ కలిపి మాట్లాడినాడు. పోర్ట్ లూయీలో ఎండ కాసింది. క్యూర్‌పీప్ పీఠభూమి ఎక్కేసరికి అద్దంమీద చినుకులు మొదలైనవి. "ఇక్కడ ఎప్పుడూ ఇంతే" అన్నాడతడు. గొడుగులు లేకుండానే జనం నడుస్తున్నారు.

దక్షిణానికి దిగినకొద్దీ రెండు వైపులా చెరకు. కోతకాలం గనుక కొన్ని మడులు బోసిగా వున్నవి. ఆ మడుల నడుమ నల్లని రాళ్ళ గుట్టలు, కొన్ని ఇంటి ఎత్తున, గోపురాలవలె పేర్చినవి, అగపడినవి. వారమంతా బస్సు కిటికీలోనుంచి వీటిని చూచినాను. ఏవో చిన్న కొండలనుకున్నాను. భూగోళం పంతులును, అగ్నిపర్వతం వల్ల పుట్టిన దీవి గదా అని సమాధానపడినాను.

"ఇవేమిటి నాయనా?" అన్నాను.

"మా పెద్దవాళ్ళు పొలంలోనుంచి ఏరిపోసిన రాళ్ళు, మాస్టారూ" అన్నాడు. మాస్టారునని మా ఇంటావిడ అంతకుముందే చెప్పివేసింది. "రాయి తీయనిదే ఇక్కడ చెరకు నాటేందుకు నేల లేదు. మా నాన్న చిన్నతనంలో కూడా తీసినాడు."

ఆపమన్నాను. అతడు గడియారం చూచుకొని ఆపినాడు. దిగి, దారి ప్రక్కనున్న గుట్ట దగ్గరకు పోయినాను. ఒక్కొక్క రాయి నా రెండు చేతులకూ పట్టదు. ఒకటి కదలించబోయినాను, కదలలేదు. క్రింద మట్టి ఎర్రగా, వానకు మెత్తబడి, బూటుకు అంటుకొన్నది. ఎవరు ఏ రాయి ఎత్తినారో ఆ గుట్టలో ఎక్కడా వ్రాసి లేదు. అంతలో టాక్సీ హారను మ్రోగింది.

మిగిలిన దారిలో కార్డు వ్రాసినాను. మడులమీది మసకవెలుగులో, కారు కుదుపులకు, ముప్పై యేళ్ళు నల్లబల్ల మీద వ్రాసిన నా దస్తూరీ వంకరలు పోయింది. కాగితంలోని మనిషిని వెతకలేకపోయినానని, తప్పు నాదేనని ముందుగా వ్రాసినాను. నేల ఎర్రది, రాళ్ళు నల్లవి, రాళ్ళు తీసిన చోట చెరకు మనిషికి మించి పెరిగిందని వ్రాసినాను. వానలు పడతవి, ఇప్పుడే తడిసినానని వ్రాసినాను. ఇంకా చాల వ్రాయవలసి వుండగానే విమానాశ్రయం దీపాలు కనబడినవి. స్టాంపు అంటించి, తపాలాపెట్టెలో వేయుమని డ్రైవరు చేతికివ్వబోతూ చూచుకుంటే, మూడవ ప్రశ్నకు జవాబు లేనేలేదు. చోటూ లేదు. కలం మళ్ళీ తీసి, చిరునామా ప్రక్కన, స్టాంపు క్రింద ఇరికించినాను: అన్నం తింటారు.