పటంలో తండా ఉంది, చట్టంలో లేదు

అమరావతి మహాస్తూపాన్ని అలంకరించిన శిల్పఫలకాలు పలనాటి సున్నపురాతిపై చెక్కినవి. ఆ రాతికి 'పలనాటి పాలరాయి' అనే పేరు శిల్పచరిత్రలో స్థిరపడిపోయింది. బౌద్ధ ధర్మాన్ని మోసిన ఆ పలనాటి రాతిపొరల అడుగున యురేనియం జాడలున్నాయని ప్రభుత్వ భూగర్భ శాస్త్రవేత్తలు ఏనాడో గుర్తించారు. కొప్పునూరు, రాళ్లవాగు తండా అనే పేర్లు యురేనియం అన్వేషణ పటాల్లోకి, పరిశోధన పత్రాల్లోకి ఎక్కింది అలాగే. ఒక తండా పేరు శాస్త్ర పరిభాషలో ఖనిజానికి చిరునామాగా మారింది. ఆ తండాలో ఉండే సుగాలీ రైతుకు మాత్రం ఆ అన్వేషణలో అడిగే హక్కు గానీ, తెలుసుకునే హక్కు గానీ చట్టం స్పష్టంగా ఇవ్వలేదు. ఈ వ్యత్యాసం యాదృచ్ఛికమా, మన సామాజిక నిర్మాణంలోంచి పుట్టినదా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

మనదేశంలో యురేనియాన్ని వెతికే బాధ్యత హైదరాబాదు కేంద్రంగా పనిచేసే అణు ఖనిజాల సంచాలక సంస్థది. 1949లో అరుదైన ఖనిజాల సర్వే విభాగంగా మొదలైన ఈ సంస్థ కనుగొన్న నిక్షేపాలను తవ్వేది 1967లో ఏర్పడిన యురేనియం కార్పొరేషన్. అన్వేషణ మెట్లు మెట్లుగా సాగుతుంది. తొలుత పాత భూగర్భ పటాలను, ఉపగ్రహ చిత్రాలను పరిశీలిస్తారు. ఆపైన విమానమో హెలికాప్టరో తక్కువ ఎత్తులో ఎగురుతూ నేల నుంచి వెలువడే గామా కిరణాలను కొలుస్తుంది. ఆ కిరణాలు నేల పైపొరలో అర మీటరు లోపలి సంగతినే చెప్పగలవు. కనుక తరువాతి దశలో సిబ్బంది చేతి పరికరాలతో చేలల్లో, గుట్టల్లో నడుస్తారు. రాతి, మట్టి నమూనాలు ఏరుతారు. నేల పగుళ్లలోంచి వచ్చే రేడాన్ వాయువును కొలుస్తారు. వాగుల నుంచి, బావుల నుంచి, చేతిపంపుల నుంచి నీటిని సీసాల్లో పట్టుకుపోతారు.

పలనాటిలో వారు వెతికేది పురాతన గ్రానైటు పునాదికీ, దానిపై ఎంతో కాలం తరువాత పేరుకున్న రాతిపొరలకూ నడుమ ఉన్న సరిహద్దును. గ్రానైటులోని యురేనియాన్ని నీరు కరిగించి మోసుకొచ్చి, రసాయన స్థితి మారినచోట పగుళ్లలో దింపుతుంది. కృష్ణకు ఆవలి ఒడ్డున నల్లగొండ జిల్లాలోని లంబాపూర్, పెద్దగట్టు, చిట్రియాల్ నిక్షేపాలూ ఈ కోవకే చెందుతాయి. ఇలాంటి చోట యురేనియం చరిత్ర అంటే భూగర్భ జలం చరిత్రే. ఖనిజం జాడను మొదట చెప్పేది నీరు. ఆ నీటినే తండా తాగుతుంది.

చివరి మెట్టు బోర్లు వేయడం. వజ్రపు మొన గల డ్రిల్లు రాతిని స్తంభంలా కోసి పైకి తెస్తుంది. ఆ గుంటలోకి కొలమానిని దించి ఏ లోతున ఎంత గామా కిరణముందో నమోదు చేస్తారు. తొలుత దూరదూరంగా, జాడ దొరికినకొద్దీ దగ్గరదగ్గరగా బోర్లు వేస్తారు. ఇంతా చేసి తేల్చేది ఖనిజం ఎంత, ఎంత లోతున, ఎంత శాతం అన్న మూడు లెక్కలే. ఆ నేలమీద బతికేవారు ఎందరు, ఏ కులస్థులు, ఏ పట్టా కాగితంతో ఉన్నారు అన్నది ఈ లెక్కల్లో ఎక్కడా రాదు.

అన్వేషణ వేరు, తవ్వకం వేరు అని అధికారులు చెప్పే మాటలో నిజం లేకపోలేదు. ఒక బోరు వేసినంత మాత్రాన ఊరు విషమయం కాదు. సక్రమంగా సిమెంటుతో పూడ్చితే ప్రమాదం తక్కువే. అయితే ఒక నీటిపొరను మరొక నీటిపొరతో కలిపే గుంటలను వందల సంఖ్యలో పూడ్చకుండా వదిలేస్తే ఏమవుతుందో బోరుబావుల మీద బతికే రైతుకు ఎవరూ వివరించనక్కరలేదు. అంతకుమించి, అన్వేషణ విజయవంతమైతే వచ్చేది గనే. తుమ్మలపల్లె ఉదాహరణ మన ముందే ఉంది. 2012లో శుద్ధి కర్మాగారం మొదలైన ఆ కడప జిల్లా గనిలో ఖనిజం 0.05 శాతానికి లోపే. అంటే టన్ను రాతిని పిండిచేస్తే దక్కేది అర కిలోకన్నా తక్కువ. మిగతాదంతా వ్యర్థాల చెరువులో చేరుతుంది. యురేనియం తీసేసినా రేడియం, థోరియం వంటివి అందులోనే ఉండిపోతాయి. థోరియం-230 సగానికి తగ్గడానికి సుమారు 75 వేల ఏళ్లు పడుతుంది. వ్యర్థాల చెరువు చుట్టుపక్కల రైతులు బోర్ల నీరు చెడిందని, తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. సంస్థ ఆ ఆరోపణలను తోసిపుచ్చుతోంది.

ఈ వివాదం తేలకపోవడానికి కారణం అన్వేషణ దశలోనే ఉంది. గ్రానైటు నేలల్లో భూగర్భ జలంలో యురేనియం సహజంగానే కొంత ఉండవచ్చు. గని వచ్చాక నీరు చెడిందంటే 'అది మొదటినుంచీ ఉన్నదే' అనడం సులువు. కాదని నిరూపించాలంటే గనికి ముందటి కొలత కావాలి. ఆ కొలత తీసుకునేది ఎవరు? సీసాల్లో నీరు పట్టుకుపోయిన సంస్థే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో యురేనియానికి లీటరుకు 30 మైక్రోగ్రాముల తాత్కాలిక పరిమితి సూచించింది. అంతకు మించితే ముందుగా ఆందోళన కలిగించేది మూత్రపిండాల ఆరోగ్యం. ఖనిజం కోసం పరీక్షించిన నీరు తాగడానికి పనికొస్తుందో లేదో ఆ బావి దగ్గరివారికి చెప్పడానికి రూపాయి ఖర్చు కాదు. దాన్ని తప్పనిసరి చేసే నిబంధనే కావాలి.

ఇప్పుడు చట్టం సంగతి. కృష్ణకు ఉత్తరాన అమ్రాబాద్ పీఠభూమి ఐదవ షెడ్యూలు ప్రాంతం. అక్కడి చెంచుకు 1/70 భూబదలాయింపు నిబంధన ఉంది, 1996 నాటి పెసా చట్టం ఉంది, గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవన్న 1997 నాటి సమత తీర్పు ఉంది. నదికి దక్షిణాన ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో షెడ్యూలు ప్రాంతమన్నదే లేదు. దోర్నాల, యర్రగొండపాలెం గూడేల చెంచు, మాచర్ల, బొల్లాపల్లి తండాల సుగాలీ ఇద్దరూ షెడ్యూల్డు తెగలే. వారి కాళ్ల కింది నేల మాత్రం షెడ్యూలు కాదు. ఒకే తెగకు ఒక ఒడ్డున గ్రామసభ, మరో ఒడ్డున వినతిపత్రం! అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది గానీ అది అడవి వరకే. అసైన్డు మెట్ట చేనును అది కాపాడదు.

ఉన్న కొద్దిపాటి రక్షణ కూడా తరిగిపోతోంది. 2023లో సవరించిన అటవీ సంరక్షణ చట్టం ఖనిజ అన్వేషణ వంటి సర్వేలను అటవీయేతర పనిగా పరిగణించకుండా కేంద్రం మినహాయించే వీలు కల్పించింది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అణు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదన్నది. 2003లోనూ 2005లోనూ బహిరంగ విచారణల్లో లంబాడీలు, రైతులు గొంతెత్తినందువల్లే పెద్దగట్టు దేశమంతటికీ తెలిసింది. ఆ వేదికే రద్దయితే రేపటి పెద్దగట్టు ఎక్కడ మాట్లాడాలి?

గొంతెత్తితే ఫలితం ఉంటుందనడానికి నిదర్శనాలున్నాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో 4,000 బోర్ల ప్రతిపాదనకు 2019 మేలో అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా అంగీకరించింది. ఉద్యమం ఎగసింది, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వ్యతిరేక తీర్మానం చేసింది. 2024 నవంబరులో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో 68 బోర్ల ప్రతిపాదనపై పల్లెలు రోడ్డెక్కితే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనక్కి తగ్గింది. నల్లమల కోసం చెంచులతోపాటు విద్యార్థులు, రచయితలు, నటులు, మైదాన ప్రాంత మధ్యతరగతి నిలిచారు. పలనాటి తండాకు అలాంటి తోడు దొరుకుతుందా?

ఇక్కడే మైదానం తనను తాను పరీక్షించుకోవాలి. సాగర్ కుడికాలువ పారే గుంటూరు, ప్రకాశం పత్తి, మిర్చి భూములు, నది దిగువన వెలసిన రాజధాని ఆ నీటి మీదే బతుకుతున్నాయి. అయినా ఎగువ తండా సమస్య 'వాళ్ల సమస్య'గానే వినిపిస్తుంది. ఈ నేలకు నీటికీ కులానికీ ఉన్న సంబంధం కొత్తది కాదు. 1985 జూలైలో కారంచేడులో మాదిగపల్లె మంచినీటి చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్టు కడగడాన్ని ప్రశ్నించడమే ఆరుగురు దళితుల హత్యకు దారితీసింది. ఎవరి నీరు మలినమైనా ఫరవాలేదన్నది కులం నిర్ణయించింది. రాజధాని భూసమీకరణలోనూ పట్టా భూమికి ఒక ప్యాకేజీ, అసైన్డు భూమికి తక్కువ ప్యాకేజీ ప్రకటించినప్పుడు దళిత రైతులు సమాన వాటా కోసం పోరాడవలసి వచ్చింది. కాగితం బలహీనమైన చోట పరిహారం బలహీనపడుతుంది. తండాల మెట్టల్లో కాగితాలు ఇంకా బలహీనం.

దేశానికి విద్యుత్తు కావాలి, అణు ఇంధనం కావాలి అనే వాదనను కాదనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ వెలుగు అందరిదీ అయినప్పుడు బోరు గుంట ఒక్క తెగ ముంగిట్లోనే ఎందుకుండాలన్నదే ప్రశ్న. పలనాటిలో మరో డ్రిల్లు దిగడానికి ముందే తండాల, గూడేల బావుల నీటిని స్వతంత్ర ప్రయోగశాలలో పరీక్షించి ఫలితాన్ని తెలుగులో గ్రామసభ ముందుంచాలి. ఇంతవరకు వేసిన ప్రతి బోరు ఎక్కడుందో, పూడ్చారో లేదో బహిరంగ పట్టికలో చూపాలి. అన్వేషణకు సైతం గ్రామసభ సమ్మతిని షరతు చేయాలి. అన్నిటికీ మించి, నల్లమల దక్షిణపు అంచున, పలనాటిలో గిరిజనులు అధికంగా ఉన్న ఆవాసాలను ఐదవ షెడ్యూలులో చేర్చాలని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని కోరాలి. భూమి పొరల్లో దాగిన ఖనిజాన్ని ఇంత ఓపికగా వెతకగలిగిన రాజ్యానికి, ఆ భూమిపై నిలబడ్డ మనిషిని చూడటం అసాధ్యమేమీ కాదు.