పాత బోటు కొనేముందు

సముద్రం మీద బతికే కుటుంబానికి బోటు అంటే రైతుకు పొలం లాంటిది. బోటు ఉంటే కూలికి పోనక్కర లేదు. మన వేట మనది. మన చేప మనది.

కానీ కొత్త బోటు కొనాలంటే చాలా డబ్బు కావాలి. అందుకే చాలామంది పాత బోటు కొంటారు. పాత బోటు కొనడం తప్పు కాదు. చూసి కొంటే పదేళ్లు అన్నం పెడుతుంది. చూడకుండా కొంటే మెడలో పుస్తెలు కూడా మిగలవు.

“బోటు సంగతి ఆడవాళ్లకేం తెలుసు?” అని కొందరు అంటారు. మరి డబ్బు ఎవరు తెస్తున్నారు? పొదుపు సంఘంలో అప్పు తీసుకునేది మనం. తాకట్టుకు నగలు ఇచ్చేది మనం. కాగితం మీద సంతకం చేసేది మనం. అప్పు కట్టేటప్పుడు మనం కావాలి. అలాంటప్పుడు కొనేటప్పుడు కూడా మనం ఉండాలి కదా!

అందుకే అక్కలారా, పాత బోటును ఎలా చూడాలో తెలుసుకుందాం.

లోపలి ఇంజను అంటే ఏమిటి?

చిన్న తెప్పలకు ఇంజను బయట ఉంటుంది. వెనుక తగిలిస్తారు. పని అయ్యాక విప్పి ఇంటికి తెచ్చుకోవచ్చు.

పెద్ద బోట్లకు ఇంజను లోపల ఉంటుంది. బోటు అడుగున గట్టిగా బిగిస్తారు. ఆ ఇంజనుకు ఒక పొడుగాటి ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్నే షాఫ్టు అంటారు. షాఫ్టు బోటు అడుగు నుంచి బయటికి వస్తుంది. దాని చివర పంకా ఉంటుంది. పంకా నీళ్లలో తిరిగితే బోటు ముందుకు పోతుంది.

లోపలి ఇంజను బరువైనది. దూరం పోవడానికి బాగుంటుంది. కానీ చెడిపోతే ఇంటికి తెచ్చుకోలేము. మెకానిక్కే రేవుకు రావాలి. కాబట్టి ఇంజను చూడకుండా బోటు కొనకూడదు.

ఎప్పుడు చూడాలి?

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. మొత్తం 61 రోజులు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రోజుల్లో చాలా బోట్లను మరమ్మతుకు ఒడ్డుకు లాగుతారు. అప్పుడు బోటు అడుగు బాగా కనిపిస్తుంది. నీళ్లలో ఉన్న బోటుకు అడుగు కనపడదు.

కాబట్టి అడుగును ఒడ్డు మీద చూడాలి. ఇంజనును నీళ్ల మీద నడిపి చూడాలి. రెండూ చూసిన తర్వాతే ధర మాట్లాడాలి.

ఒంటరిగా పోవద్దు. బోట్లు కట్టే మేస్త్రిని తీసుకుపోండి. ఇంజను తెలిసిన మెకానిక్కును తీసుకుపోండి. అమ్మేవాడు తెచ్చిన మెకానిక్కు వద్దు. మన మనిషి కావాలి. అతనికి ఇచ్చే కూలి దండగ కాదు.

అడుగు ఎలా ఉంది?

ముందు రంగు చూసి మోసపోవద్దు. పైన పటారం, లోన లొటారం అన్నట్టు ఉండవచ్చు. అమ్మేముందు కొందరు కొత్త రంగు వేస్తారు. రంగు కింద పగుళ్లు దాగుతాయి.

చెక్క బోటు అయితే పురుగు చూడాలి. సముద్రంలో చెక్కను తొలిచే పురుగు ఉంటుంది. బయటికి చిన్న రంధ్రమే కనిపిస్తుంది. లోపల పలక అంతా గుల్ల అయిపోతుంది. అమ్మేవాడిని అడిగి, మొనదేలిన ఇనుప పుల్లతో పలకను గుచ్చి చూడాలి. గట్టి చెక్కలో పుల్ల దిగదు. కుళ్లిన చెక్కలో మెత్తగా దిగుతుంది. మేకుల చుట్టూ తుప్పు మరకలు ఉన్నాయా? పలకల మధ్య సందులు ఉన్నాయా? అవి కూడా చూడాలి.

ఫైబరు బోటు అయితే తట్టి చూడాలి. కుండ కొనేటప్పుడు మనం వేలితో తట్టి చూస్తాం. మంచి కుండ ఖణీమంటుంది. పగిలిన కుండ బొంగురుగా పలుకుతుంది. ఫైబరు కూడా అంతే. చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. అంతటా ఒకే శబ్దం రావాలి. ఒకచోట బొంగురుగా వస్తే అక్కడ పొరలు విడిపోయి ఉండవచ్చు. బొబ్బలు ఉంటే లోపలికి నీరు ఎక్కిందేమో మేస్త్రిని అడగాలి.

ఇంజను కింద ఉండే దిమ్మెలను తప్పక చూడండి. ఇంజను బరువు, అదురు అంతా వాటి మీదే పడుతుంది. అవి పగిలితే మరమ్మతు ఖర్చు ఎక్కువ.

ఇంజను ఎలా ఉంది?

పోగానే ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉండాలి. వెచ్చగా ఉందంటే ఏమిటి? మనం రాకముందే ఒకసారి నడిపారన్నమాట. పాడైన ఇంజను చల్లగా ఉన్నప్పుడు తొందరగా అందుకోదు. ఆ లోపం కనపడకుండా ముందే వేడి చేసి పెడతారు. అలాంటప్పుడు “రేపు పొద్దున్నే వస్తాం. మేం వచ్చేదాకా నడపొద్దు” అని చెప్పి రండి.

తర్వాత ఇంజను ఆయిలు చూడాలి. ఆయిలు కొలిచే పుల్ల ఉంటుంది. దాన్ని పైకి తీయించండి. ఆయిలు పాలు పోసిన టీ రంగులో ఉంటే అందులో నీరు కలిసింది. అది మంచిది కాదు.

ఇప్పుడు ఇంజను నడిపించండి. పొగ చూడండి. చల్లని ఇంజను మొదట్లో కొంచెం పొగ వదలవచ్చు. వేడెక్కాక కూడా పొగ ఆగకపోతే రంగు చూడాలి.

నల్ల పొగ వస్తే డీజిలు సరిగా కాలడం లేదు. లేదా ఇంజను మీద బరువు ఎక్కువైంది.
నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతోంది. లోపల అరుగుదల ఉంది.
తెల్ల పొగ వస్తే డీజిలు కాలకుండానే బయటికి వస్తోంది. లేదా నీరు లోపలికి పోతోంది.

లోపలి ఇంజనును చల్లబరచడానికి చాలా బోట్లలో సముద్రపు నీరు వాడతారు. ఉప్పు నీరు ఇనుమును తింటుంది. గొట్టాల దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటే అక్కడ నీరు కారుతోందని గుర్తు.

షాఫ్టు దగ్గర నీరు

షాఫ్టు బోటు నుంచి బయటికి పోయే చోట ఒక బిగింపు ఉంటుంది. దాన్ని గ్లాండు అంటారు. సముద్రపు నీరు లోపలికి రాకుండా అది ఆపుతుంది. లోపల తాడు లాంటి ప్యాకింగు చుట్టి ఉంటుంది. ఇలాంటి గ్లాండులో షాఫ్టు తిరిగేటప్పుడు చుక్కలు చుక్కలుగా నీరు పడవచ్చు. అది తప్పు కాదు. కానీ ధారగా కారకూడదు. ధారగా కారితే ప్యాకింగు పాడైంది, లేదా షాఫ్టు అరిగింది. ప్యాకింగు మార్చడం చిన్న పని. షాఫ్టు మార్చడం పెద్ద ఖర్చు. ఏది పాడైందో మెకానిక్కు చేత చెప్పించుకోవాలి.

పంకా రెక్కలు వంగాయా, విరిగాయా చూడండి. పంకా, షాఫ్టు దగ్గర జింకు ముక్క బిగిస్తారు. ఎందుకంటే ఉప్పు నీరు ముందు జింకును తింటుంది. మిగతా లోహం బతుకుతుంది. జింకు పూర్తిగా అరిగిపోయినా మార్చలేదంటే, ఆ యజమాని బోటును సరిగా చూసుకోలేదని అర్థం.

నీళ్ల మీద నడపాలి

రేవులో కట్టి ఉంచి ఇంజను వినిపిస్తే చాలదు. నిషేధం లేని రోజుల్లో ఒక గంటయినా నడిపించాలి. మెల్లగా, వేగంగా, ముందుకు, వెనక్కు నడిపి చూడాలి. చుక్కాని రెండు వైపులా సులువుగా తిరగాలి. బోటు బాగా అదిరితే షాఫ్టు వంగి ఉండవచ్చు. పంకా దెబ్బతిని ఉండవచ్చు. ఇంజను వేడి ఎక్కిపోకూడదు.

తిరిగి వచ్చాక అడుగు బల్లలు ఎత్తి చూడండి. పోయేముందు ఎంత నీరు ఉంది? వచ్చాక ఎంత ఉంది? చాలా పెరిగితే బోటు కారుతోంది.

కాగితాలు చదవండి

ఇప్పుడు మనకు చదువు వచ్చింది. అది ఇక్కడ పనికి రావాలి.

మొదట రిజిస్ట్రేషను కాగితం అడగండి. దాని మీద ఎవరి పేరు ఉంది? అమ్మే మనిషి పేరేనా? బోటు మీద రాసిన నెంబరు, కాగితం మీద నెంబరు ఒకటేనా? ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క అంకె కలిపి చూడండి. ఇంజను మీద కూడా నెంబరు చెక్కి ఉంటుంది. దాన్నీ కాగితాలతో కలిపి చూడండి.

తర్వాత వేట లైసెన్సు అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో సముద్రపు వేటకు 1994లో చట్టం వచ్చింది. దాని ప్రకారం వేట బోటుకు లైసెన్సు ఉండాలి.

బోటు మీద బ్యాంకు అప్పు ఉందా? ఉంటే తీరినట్టు బ్యాంకు ఇచ్చిన కాగితం చూపాలి. ప్రభుత్వ రాయితీతో తీసుకున్న బోటా? అయితే అమ్మడానికి అనుమతి కావాలేమో మత్స్యశాఖ ఆఫీసులో అడగండి.

కొన్న వెంటనే పేరు మార్పించుకోవాలి. “తర్వాత చూద్దాంలే” అనవద్దు. 2008 నవంబరులో ముంబయి మీద దాడి చేసినవాళ్లు ఒక చేపల బోటును పట్టుకుని దానిలో వచ్చారు. ఆ తర్వాత బోటు కాగితాల మీద తనిఖీ పెరిగింది. పేరు మారకపోతే బోటు మనది అని రుజువు చేసుకోవడం కష్టం.

ఇంకొక సంగతి. వేట నిషేధ కాలంలో మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం సాయం ఇస్తుంది. 2019 నుంచి 10 వేల రూపాయలు ఇచ్చేవారు. 2025లో దాన్ని 20 వేలు చేశారు. పేర్లు రాసేటప్పుడు బోటు కాగితాలు చూస్తారు. డీజిలు రాయితీకి కూడా కాగితాలు కావాలి.

అప్పు మీ పేరున ఉంటే బోటు మీద కూడా మీ పేరు ఉంటే మంచిది. ఇద్దరి పేర్లతో రాయించుకోవడానికి వీలుందా అని ఆఫీసులో అడగండి. అడగడానికి సిగ్గుపడవద్దు.

డబ్బు లెక్క

బోటు ధర ఒక్కటే ఖర్చు కాదు. ఒక లెక్క వేద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే.

బోటు ధర: 5,00,000
పలకల మరమ్మతు: 60,000
షాఫ్టు, గ్లాండు పని: 25,000
బ్యాటరీ, లైఫ్ జాకెట్లు: 15,000
మొత్తం: 6,00,000

అంటే 5 లక్షల బోటు మనకు 6 లక్షలు పడింది. ఈ లెక్క అమ్మేవాడి ముందు పెట్టి ధర తగ్గించమని అడగవచ్చు.

ఇప్పుడు వడ్డీ చూద్దాం. 5 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 10,000 కట్టాలి. రూపాయి వడ్డీకి దొరికితే 5,000 కడితే చాలు. నిషేధం ఉన్న రెండు నెలలు వేట ఉండదు. వడ్డీ మాత్రం ఆగదు. రెండు రూపాయల వడ్డీ అయితే ఆ రెండు నెలలకే 20,000. ఆ డబ్బు ముందే దాచుకోవాలి.

చేపల వ్యాపారి దగ్గర అప్పు తీసుకుంటే ఇంకో చిక్కు ఉంది. చేప అంతా తనకే అమ్మాలి అంటాడు. తను చెప్పిందే ధర అంటాడు. అప్పుడు బోటు మనదైనా చేప మనది కాదు. ఇలాంటి షరతు ఉందేమో సంతకానికి ముందే అడగాలి.

బీమా కూడా అడగాలి. 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం చేపల రేవులో మంటలు లేచాయి. పక్కపక్కనే కట్టిన బోట్లు పదుల కొద్దీ కాలిపోయాయి. బోటు కాలిపోతుంది. అప్పు కాలిపోదు. అందుకే బోటులో కరెంటు వైర్లు, డీజిలు గొట్టాలు బాగున్నాయో లేదో కూడా చూసుకోండి.

అడ్వాన్సు ఇచ్చేటప్పుడు రసీదు రాయించండి. తేదీ, డబ్బు, బోటు నెంబరు, ఇంజను నెంబరు, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు ఉండాలి. బోటుతోపాటు వలలు, లంగరు, జీపీఎస్ వస్తాయా? వస్తే వాటి పేర్లు కూడా రాయించండి. నోటి మాట గాలికి పోతుంది. రాసిన మాట నిలుస్తుంది.

గుర్తుంచుకుందాం

అడుగును ఒడ్డు మీద చూడాలి.
ఇంజనును చల్లగా ఉన్నప్పుడు నడిపించాలి.
నీళ్ల మీద ఒక గంటయినా తిప్పాలి.
నెంబర్లు కలిపి చూడాలి.
మరమ్మతు, వడ్డీ లెక్క వేసుకోవాలి.
చదవకుండా సంతకం చేయకూడదు.

బోటు బాగుండకపోతే వద్దని చెప్పి వచ్చేయండి. “ఇవాళ తీసుకోకపోతే ఇంకొకరు పట్టుకుపోతారు” అని తొందర పెడతారు. పోనీయండి. రేవులో ఇంకో బోటు దొరుకుతుంది. ఆ బోటు ఎక్కి సముద్రం మీదికి పోయేది మన ఇంటి మనుషులు. వాళ్లను క్షేమంగా ఒడ్డుకు చేర్చే బోటే మనకు కావాలి.

ఆలోచించండి

1. ఇంజను ముందే వెచ్చగా ఉంటే మీరు ఏం చేస్తారు?
2. 3 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు ఎంత కట్టాలి?
3. మీ ఊళ్లో ఎన్ని బోట్ల మీద ఆడవాళ్ల పేర్లు ఉన్నాయి? అడిగి తెలుసుకుని రాయండి.