మురికివాడల శుభ్రత - అచ్చటి స్త్రీల పూనిక

గృహమును శుభ్రముగా నుంచుకొనవలెనని మన స్త్రీలకు వేరుగా బోధింప నక్కరలేదు. కాని వందలకొలది జనులకు ఉమ్మడియైన మరుగుదొడ్డి శుభ్రత యెవరి పని? ఇల్లన్నదే లేక కాలిబాట ప్రక్కను గుడిసె వేసికొన్న యిల్లాలు ఏమి చేయగలదు? ఈ ప్రశ్నలకు ముంబయి, పుణె నగరములందలి బీద స్త్రీలు చేతలతో జెప్పిన సమాధానమును సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

ముంబయిలోని బైకుల్లా ప్రాంతమున కాలిబాటలపై కాపురముండిన స్త్రీలు 1986లో ‘మహిళా మిలన్’ అను సంఘముగా నేర్పడిరి. 1984లో స్థాపింపబడిన ‘స్పార్క్’ అను సంస్థ వారికి తోడు నిలిచెను. జీవనోపాధియు జీవించు హక్కులోనిదే యని యంగీకరించియు, ముందుగా నోటీసునిచ్చి కాలిబాటవాసులను తొలగింపవచ్చునని సుప్రీంకోర్టు 1985లో తీర్పు చెప్పియుండెను. నేడో రేపో గుడిసె పోవునను భయము నడుమనే ఆ స్త్రీలు కొద్దికొద్దిగా పైకము కూడబెట్టసాగిరి. తమ కెట్టి యిల్లు కావలెనో తామే యోచించి, చీరలతో కొలతలు వేసి, నిలువెత్తు నమూనాలు కట్టి పదిమందికి జూపిరి.

ఇంటి తరువాత మరుగుదొడ్డి. కంట్రాక్టర్లు కట్టిపోయిన దొడ్లలో పెక్కింటికి నీరుండదు. తలుపు విరిగిన బాగుచేయు దిక్కుండదు. వరుసలో పెద్దలు త్రోసివేయగా పిల్లలు బయటనే కూర్చుందురు. 1999లో పుణె పురపాలక సంఘము ఈ పనికి స్వచ్ఛంద సంస్థలను పిలువగా, మహిళా మిలన్ స్త్రీలు కట్టుబడి పనికిని తామే పూనుకొనిరి.

ఆ కట్టడములలోని విశేషములు గమనింపదగినవి. స్త్రీలకు, పురుషులకు ద్వారములును వరుసలును వేరు. బకెట్టుతో పోవువారికి వీలుగా తలుపులు ఇరువైపులకు తెరచుకొనును. పిల్లలకు వేరుగా చిన్నదొడ్లు, పడిపోకుండ పట్టుకొనుటకు పిడులు గలవు. నీటికి పెద్దతొట్టి, కాపరి కుటుంబమునకు గది యుండును. కట్టుటకు సొమ్ము పురపాలక సంఘముది, నడుపుట వాడవారిది. అందులకై నాడు కుటుంబమునకు నెలకు 20 రూపాయలు నిర్ణయించిరి. ఈ యేర్పాటులు నిత్యము ఆ బాధ పడినవారికే తోచునవి.

అయినను సర్వభారమును బీదలపై మోపుట న్యాయము కాదు. నీటిగొట్టము, పెద్ద మురుగుకాలువ, స్థలము ప్రభుత్వము వంతు. అవి లేనిచోట ఎంతటి పూనికయు నిలువజాలదు.

మన యింట అంట్లు తోమవచ్చు స్త్రీ తెల్లవారకమునుపు ఎచ్చట, ఎంతసేపు వరుసలో నిలిచి వచ్చుచున్నదో మనమెన్నడైన నడిగితిమా? మన పట్టణమున దొడ్లు కట్టబూనునపుడు, ముందుగా ఆమె వంటివారిని సంప్రదింపుడని మన వార్డు సభ్యులతో జెప్పుదము. గడప దాటిన వీధియు మన గృహములోని భాగమే గదా!