సైకిలు మీద కృష్ణలోయకు

తుక్కుగూడ మీదుగా పోయే శ్రీశైలం రోడ్డు పట్టుకొని తొక్కుతూ వెళ్తే కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి, మన్ననూరు వస్తాయి. ఆపైన నల్లమల అడవి. జంతువుల కోసం రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఈ అడవి దారి మూసేస్తారు. దోమలపెంట దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ కృష్ణానది లోయలోకి దిగుతుంది. ఇక్కడ కాళ్లకు పని లేదు, అంతా బ్రేకులకే!

మీరూ సైకిలూ కలిసి 75 కిలోలు అనుకుందాం. 100 మీటర్ల ఎత్తు దిగితే తగ్గే స్థితిశక్తి 75 × 9.8 × 100, అంటే 73,500 జౌళ్లు. వేగం పెరగకుండా బ్రేకు పట్టారా, ఇందులో చాలాభాగం ఘర్షణవల్ల వేడిగా మారుతుంది. లీటరు నీటిని 17 డిగ్రీలకు పైగా వేడెక్కించే శక్తి ఇది! ఆ వేడి పలుచని రిమ్ము మీద, బ్రేకు రబ్బర్ల మీద పడుతుంది. రిమ్ము మరీ కాలితే ట్యూబు పగిలిపోవచ్చు. అందుకే రెండు బ్రేకులనూ పట్టుతూ, వదులుతూ దిగాలి. మధ్యమధ్య ఆగి చల్లారనివ్వాలి. (కాలిందో లేదో వేలితో తాకి చూడకండి!)

మరి తిరిగి ఎక్కడం? రోడ్డుకు మెలికలు పెట్టింది అందుకే. దారి పొడవు పెరిగితే వాలు తగ్గుతుంది, వాలుతోపాటు తొక్కే బలమూ తగ్గుతుంది. 20 మీటర్లకు 1 మీటరు ఎక్కే చోట, మీ 735 న్యూటన్ల బరువును పైకి నెట్టడానికి సుమారు 37 న్యూటన్లు చాలు. చేయవలసిన పని మాత్రం తగ్గదు. తిన్నదానిలోని శక్తిలో నాలుగోవంతే కండరాలు పనిగా మారుస్తాయి కనుక, ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ దాదాపు ఒక అరటిపండు ఖర్చు.